25కి 12 దగ్గరే ఆగిపోయాను, కోచ్‌కి డబ్బు పెట్టమంటారా?

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్లు. మాది తిరుపతి, కొర్లగుంట. డిగ్రీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు రైఫిల్ షూటింగ్‌లో మా బ్యాచ్‌లో మొదటి ముగ్గురిలో ఉండేదాన్ని. ఇప్పుడు శ్రీసిటీలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. పోయిన ఏడాది లింగంపల్లిలో ఉండే మా మామయ్య నన్ను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లారు. అక్కడ ట్రాప్ షూటింగ్, అంటే మెషిన్ గాల్లోకి విసిరే చిన్న పళ్లేలను (వాటినే క్లేలు అంటారు) తుపాకితో పగలగొట్టే ఆట, చూసిన రోజు నుంచి మనసంతా దాని మీదే ఉంది. వీలైనప్పుడల్లా వెళ్లి ఇప్పటికి 12 రౌండ్లు కొట్టాను, రౌండ్‌కి 25 క్లేలు. 25కి 11, 12, ఒక్కసారి 14. అంతకుమించి రావడం లేదు. వీడియోలు చూస్తే ఒకరు క్లే ముందు కొట్టమంటారు, ఇంకొకరు ఎంత ముందు అన్న కొలతే అసలు వద్దంటారు. తెలిసినవాళ్లు ఒక కోచ్ పేరు చెప్పారు. ఆయన మూడు రోజులు నేర్పిస్తారట. ఫీజు, తూటాలు, క్లేలు అన్నీ కలిపితే నా నెల జీతం దాటుతుంది. మా నాన్న "అది రాజుల ఆట, మనకెందుకమ్మా, ఫోన్‌లో చూసి నేర్చుకో" అంటున్నారు. ఆ డబ్బు దాచి సొంత తుపాకి కొనుక్కోవడం మేలా? లేక కోచ్ దగ్గరికి వెళ్లాలా?

జవాబు: చెల్లీ, కోచ్ దగ్గరికే వెళ్లు. తుపాకి సంగతి ఇప్పుడు తలపెట్టొద్దు.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఎన్‌సీసీ. రైఫిల్‌లో నువ్వు బాగా కొట్టేదానివి కాబట్టే ఇక్కడ 12 దగ్గర ఆగిపోయావని నా అనుమానం. రైఫిల్ నేర్పే మొదటి పాఠం ఏమిటి? కదలకు, ఊపిరి బిగబట్టు, కన్ను తుపాకి కొస మీద ఉంచు, ట్రిగ్గర్ మెల్లగా నొక్కు. అక్కడ టార్గెట్ కదలదు, నువ్వూ కదలవు. ట్రాప్‌లో ఇవన్నీ తిరగబడతాయి. నీకు 15 మీటర్ల ముందు గుంతలో ఉన్న మెషిన్ నుంచి 11 సెంటీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువున్న పళ్లెం గంటకు దాదాపు 100 కిలోమీటర్ల వేగంతో నీ నుంచి దూరంగా ఎగిరిపోతుంది. ఎడమకా, కుడికా, నేరుగానా, ముందే తెలియదు. నువ్వు ఆగి గురి చూసేలోపు అది చేయి దాటిపోతుంది.

ఇక్కడ కన్ను ఉండాల్సింది క్లే మీద, తుపాకి మీద కాదు. గొట్టం కొసన ఉన్న చిన్న పూసను నువ్వు పట్టించుకోకూడదు. రైఫిల్ అలవాటున్నవాళ్లు చివరి క్షణంలో "సరిగ్గా ఉందా లేదా" అని ఒక్కసారి పూస వైపు చూస్తారు. ఆ రెప్పపాటులో తుపాకి ఆగిపోతుంది, క్లే ఆగదు. తూటాలోంచి చిమ్మే చిన్న గుండ్లు, అంటే పెల్లెట్లు, దాని వెనక నుంచి పోతాయి. నీకు మాత్రం సరిగ్గా దాని మీదే పెట్టి కొట్టినట్టు అనిపిస్తుంది. ఇదే ఈ ఆటలోని పెద్ద చిక్కు. తప్పు జరిగిన క్షణంలోనే అంతా సరిగ్గా చేశానన్న నమ్మకం కలుగుతుంది. వీడియో నీకు సరైన పద్ధతి చూపిస్తుంది కానీ నీ తుపాకి ఎప్పుడు ఆగిందో చూడలేదు. నీ భుజం వెనక నిలబడిన మనిషే చూడగలడు.

"క్లే ముందు కొట్టు" అన్న మాట తప్పు కాదు. లెక్క చూడు. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. పెల్లెట్లు తుపాకి నుంచి సెకనుకు 400 మీటర్ల వేగంతో బయల్దేరినా 35 మీటర్ల దూరం చేరేసరికి సెకనులో పదో వంతు పడుతుంది. ఆలోపు క్లే రెండున్నర మీటర్లకు పైగా ముందుకు పోతుంది. ట్రాప్‌లో అది అడ్డంగా కాకుండా ఏటవాలుగా దూరం పోతుంది కాబట్టి అంత ఎడం అక్కర్లేదు గానీ ఎంతో కొంత కావాలి. "కొలతే వద్దు" అన్నవాళ్లదీ తప్పు కాదు. తుపాకిని క్లే వెనక నుంచి దానికంటే వేగంగా తిప్పుతూ దాన్ని దాటేటప్పుడు, ఆగకుండా ట్రిగ్గర్ నొక్కితే, ఆ ఊపులోనే కావాల్సిన ఎడం దానంతటదే వచ్చేస్తుంది.

మా చంద్రగిరి వైపు సంక్రాంతి రోజుల్లో జరిగే పశువుల పండుగ చూసే ఉంటావు. కొమ్ములకు పలకలు కట్టిన పశువులు వీధిలోకి దూసుకొస్తుంటే పలక పట్టే కుర్రాడు అది ఇప్పుడున్న చోటికి చేయి చాపడు. దాని పక్కనే అదే ఊపులో పరిగెత్తుతాడు. కళ్లు పలక మీదే ఉంటాయి, తన చేతుల మీద ఉండవు. పలక చేతికి అందాక కూడా నాలుగడుగులు పరిగెత్తే ఆగుతాడు. క్లే కొట్టడమూ అంతే. నొక్కిన తర్వాత కూడా తుపాకి కదులుతూనే ఉండాలి.

ఇంతవరకు నా అనుమానం మాత్రమే. నిన్ను చూడకుండా నేను తేల్చి చెప్పలేను, ఎందుకంటే ఇదే 12కి ఇంకో రెండు కారణాలు ఉండొచ్చు. నా జీవితంలో రెండేళ్లు తినేసిన కారణం వాటిలో ఒకటి.

నేను మొదలుపెట్టినప్పుడు నాకు నేర్పినాయన మంచి షూటర్. ఆయన స్కోర్లు చూసే ఆయన్ని నమ్మాను. నేను మిస్ అయిన ప్రతిసారీ "వెనక, మళ్లీ వెనక" అని అరిచేవారు. ఎందుకు వెనక పడుతోందో ఒక్కసారీ చూడలేదు. నేను ఇంకా గట్టిగా ప్రయత్నించేదాన్ని, ఇంకా తూటాలు కాల్చేదాన్ని. కుడి వైపు పోయే క్లేలు అయితే ఒక్కోరోజు ఒక్కటీ పగిలేది కాదు. గదికి వెళ్లి ఏడ్చిన రోజులున్నాయి. రెండేళ్ల తర్వాత ఒక పెద్దాయన రేంజ్‌కి వచ్చారు, పాతకాలపు ట్రాప్ షూటర్. నేను పది క్లేలు కొట్టేదాకా ఏమీ మాట్లాడకుండా చూశారు. ఆ తర్వాత ఆరడుగుల దూరంలో నిలబడి "రెండు కళ్లూ తెరిచి నా ముక్కు వైపు వేలు చూపించమ్మా" అన్నారు. చూపించాను. "నీ వేలు నీ ఎడమ కంటికి ఎదురుగా ఉంది. తుపాకేమో కుడి భుజం మీద పెడుతున్నావు" అన్నారు. నాకు రాసేది, తినేది కుడి చేత్తో. కానీ నా మెదడు నమ్మేది ఎడమ కన్నుని. నేను క్లే మీద పెట్టాననుకున్న తుపాకి నిజానికి పక్కకు చూస్తోంది. ఐదు నిమిషాల పరీక్షతో తేలే విషయానికి రెండేళ్లు పోయాయి.

ఈ పరీక్ష ఇవాళ రాత్రే ఇంట్లో చేసుకో. మేడ ఎక్కి అలిపిరి వైపు చూడు. కొండ మీద గాలిగోపురం దగ్గర నామం లైట్లు కనబడతాయి కదా. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యలో చిన్న కంత మిగుల్చు. రెండు కళ్లూ తెరిచి ఆ కంతలోంచి నామం చూడు. ఇప్పుడు ఎడమ కన్ను మూయి. నామం ఇంకా కనబడుతుంటే నీది కుడి కన్ను. మాయమైతే ఎడమ కన్ను. నాలుగైదు సార్లు, వేరే వేరే రోజుల్లో చెయ్యి. ఒకసారి ఇటు ఒకసారి అటు వచ్చినా కంగారు పడకు, కొందరికి అలాగే ఉంటుంది. ఆ మాట కూడా కోచ్‌కి చెప్పు.

ఎడమ అని తేలితే రెండు దారులున్నాయి. కళ్లద్దాల ఎడమ గాజు మీద, తుపాకి ఎత్తినప్పుడు పూస ముందుకు వచ్చే చోట, చిన్న మసక టేపు ముక్క అంటించి ఆ కన్ను జోక్యాన్ని ఆపడం ఒకటి. అసలు ఎడమ భుజానికే మారిపోవడం రెండోది. నాకు చాలా ఆలస్యంగా తెలిసింది కాబట్టి టేపుతో సరిపెట్టుకున్నాను. నువ్వు కొట్టింది ఇంకా 300 క్లేలే. నీ స్థానంలో ఉంటే నేను భుజం మార్చడం గురించి కోచ్‌తో గట్టిగా మాట్లాడతాను. మొదటి నెల చాలా ఇబ్బందిగా ఉంటుంది, ఎడమ చేత్తో అన్నం తిన్నట్టు. తర్వాత మాత్రం రెండు కళ్లూ తెరిచి కొట్టే హాయి దక్కుతుంది.

రెండో కారణం తుపాకి కొలత. నువ్వు కొడుతున్నది క్లబ్ తుపాకి అయి ఉంటుంది. అవి ఎక్కువగా ఐదడుగుల తొమ్మిది పది అంగుళాల మగవాళ్లకు సరిపోయేలా ఉంటాయి. భుజానికి ఆనించే చెక్క, అంటే స్టాక్, నీకు పొడవైతే ఏమవుతుందో తెలుసా? మూడున్నర కిలోల బరువును మోయడానికి నడుము వెనక్కి వంచుతావు. బరువు వెనక కాలి మీద పడుతుంది. తుపాకి తిరగాల్సింది నడుము నుంచి, కానీ నువ్వు చేతులతో తోస్తావు, సగంలో ఆగిపోతుంది. చెంప స్టాక్‌కి సరిగ్గా ఆనకపోతే కొట్టే ముందు తల లేస్తుంది. తల లేస్తే పెల్లెట్లు క్లే పైనుంచి పోతాయి. రౌండ్ అయ్యాక చెంప ఎముక కందిపోవడం, భుజానికి బదులు చేతి కండ మీద నల్లటి మచ్చలు పడటం ఉంటే దాదాపు ఇదే కారణం. షర్టు మనకు సరిపోకపోతే ఇంకోటి వేసుకుంటాం కదా, తుపాకీ అంతే. కోచ్ మొదటి అరగంటలో దీన్ని చూసి, ఉన్నవాటిలో పొట్టి స్టాక్ ఉన్నది వెతికిస్తే నీ ఫీజులో సగం అక్కడే గిట్టినట్టు.

కాబట్టి కోచ్‌ని ఎలా పోల్చుకోవాలో చెబుతాను. ఫోన్ చేసి ముందే మాట్లాడు. షాట్‌గన్, అంటే ట్రాప్‌లో వాడే ఈ పెల్లెట్ల తుపాకి, నేర్పించడంలో ఆయనకు అనుభవం ఉందా అని అడుగు, రైఫిల్, పిస్టల్ కోచ్‌లు ఎంత గొప్పవాళ్లైనా ఇది వేరే విద్య. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య కోచ్‌లకు డి, సి, బి, ఎ అని మెట్లుగా లైసెన్సులు ఇస్తుంది. ఉంటే మంచిదే. అయితే నేను కాగితం కంటే మొదటి గంటను నమ్ముతాను. మంచి కోచ్ మొదట నిన్ను కొట్టనిచ్చి ఊరికే చూస్తాడు. నీ కన్ను, నీ తుపాకి, నీ కాళ్లు చూస్తాడు. పగిలిన క్లే ముక్కలు ఎటు ఎగిరాయో చూసి దెబ్బ ముందు తగిలిందా వెనక తగిలిందా చెబుతాడు. రోజుకు ఒక్క తప్పే దిద్దుతాడు. నీ చేతిలోంచి తుపాకి తీసుకుని పది క్లేలు పగలగొట్టి "ఇలా కొట్టాలి" అనేవాడి దగ్గర మాత్రం రెండో రోజు ఉండకు. ఆయన కొట్టగలడని నీకు తెలుసు, నీకు కావాల్సింది అది కాదు.

మూడు రోజులూ వరసగా వద్దని నా సలహా. నెల జీతం ఒక్కసారి పోతే నీకు టెన్షన్, ఆ టెన్షన్‌తో ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంటుంది. ఒప్పుకుంటే రెండు రోజులు ఇప్పుడు, మిగిలిన రోజు రెండు నెలల తర్వాత పెట్టమని అడుగు. మధ్యలో ఇంటి దగ్గర సాధన చేస్తావు. మూడో రోజు ఆయన చూసేది ఆ సాధన ఒంటబట్టిందా లేదా అని. రోజుకు నాలుగు రౌండ్లు దాటొద్దు. ఆ తర్వాత భుజం అలిసిపోతుంది, అలిసిన ఒళ్లు తప్పునే నేర్చుకుంటుంది.

ఖర్చు తగ్గే దారి ఇంకొకటి ఉంది. ట్రాప్‌లో ఒక్కో క్లేకి రెండు తూటాలు కొట్టనిస్తారు, రెండోదానితో పగిలినా పాయింటే. నీ 12లో ఎన్ని మొదటి తూటాకి పగిలాయి? రాసుకోలేదు కదా. ఇకనుంచి కోచ్‌ని అడిగి ఒక్క తూటానే పెట్టుకుని కొట్టు. స్కోరు 12 నుంచి 8కి పడిపోవచ్చు, ఫరవాలేదు. తూటాల ఖర్చు బాగా తగ్గుతుంది, అసలు తప్పు దాక్కోవడానికి చోటుండదు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. ఐదు స్టేషన్లలో, అంటే నిలబడి కొట్టే చోట్లలో, ఎక్కడ నిలబడ్డావు, క్లే ఎటు పోయింది, పగిలిందా లేదా, అంతే రాయి. రౌండ్‌లో 10 ఎడమకి, 10 కుడికి, 5 నేరుగా పోతాయి. నాలుగు రౌండ్ల లెక్క చూస్తే ఏ వైపు పోతున్నాయో నీకే కనబడుతుంది. కోచ్ దగ్గరికి ఆ పుస్తకం పట్టుకెళ్తే మొదటి రోజు సగం పని అయినట్టే.

ఇంటి సాధనకు తుపాకి అక్కర్లేదు. వడ్రంగి చేత తుపాకి స్టాక్ ఆకారంలో చెక్క చేయించుకో, ముందు కొసన చిన్న టార్చి కట్టు. రాత్రి లైట్లు ఆర్పి, గోడా పైకప్పూ కలిసే గీత మీద ఆ వెలుగు చుక్కను ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిపించు. చెంప చెక్కకు ఆనే ఉండాలి, కదలిక నడుము నుంచి రావాలి, మూల వచ్చినా ఆగకూడదు. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఇది గదిలోనే చెయ్యి, మేడ మీద కాదు. దూరం నుంచి చూసినవాళ్లు నిజం తుపాకి అనుకుంటారు.

తుపాకి కొనడం గురించి రెండు మాటలు. బెరెట్టా, పెరాజ్జి లాంటి ఇటలీ కంపెనీల తుపాకులు చూస్తే ఆశ పుట్టడం సహజం. కానీ ఏ కన్ను, ఏ భుజం, ఎంత స్టాక్ అన్నది తేలకుండా కొంటే తప్పు కొలతకు లక్షలు పోసినట్టు. నీకు 21 దాటాయి కాబట్టి లైసెన్స్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. అందులో ఏ అవసరానికి, ఏ ప్రాంతానికి అని రాసి ఇస్తారు. తెలంగాణ ఇప్పుడు వేరే రాష్ట్రం కాబట్టి హైదరాబాద్‌లో వాడాలంటే అది కూడా చూసుకోవాలి. ఇదంతా ఏడాది తర్వాతి మాట. అప్పటిదాకా క్లబ్ తుపాకి, కోచ్ సమక్షం, ఇంతే.

ఇక మీ నాన్నగారు. ఆయన అన్నది ఒకప్పుడు నిజమే. 1962లో కైరో ప్రపంచ పోటీల్లో ట్రాప్‌లో వెండి పతకం తెచ్చింది బికనేర్ మహారాజు కర్ణీ సింగ్. కానీ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మహిళల ట్రాప్ టీమ్‌కి వెండి వచ్చినప్పుడు ఆ ముగ్గురిలో మనీషా కీర్ ఉంది. భోపాల్ దగ్గర చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి. మధ్యప్రదేశ్ ప్రభుత్వ అకాడమీలో కోచ్‌ల చేతుల్లో తయారైంది. అవే క్రీడల్లో మగవాళ్ల ట్రాప్ టీమ్ బంగారం గెలిస్తే అందులో మన హైదరాబాద్ కుర్రాడు కైనాన్ చెనాయ్ ఉన్నాడు, విడిగా కంచు పతకం కూడా తెచ్చుకున్నాడు. నాన్నగారికి ఇవి చెప్పు. అయితే వాదించొద్దు. కూతురు ఒంటరిగా అంత దూరం పోయి తుపాకి పట్టుకుంటుందన్న భయం కూడా ఆయన మాటల్లో ఉందని నాకనిపిస్తోంది. ఆ భయం డబ్బు గురించి మాట్లాడితే పోదు. ఒకసారి ఆయన్నే వెంట తీసుకెళ్లు. సాయంత్రం తిరుపతిలో నారాయణాద్రి ఎక్కితే పొద్దున లింగంపల్లిలో దిగుతారు, మీ మామయ్య ఇల్లు అక్కడే. కొట్టేవాళ్ల వెనక ఆయన్ని కూర్చోబెట్టు. తుపాకి మధ్యకు విరిచి, ఖాళీగా ఉందని అందరికీ కనబడేలా పట్టుకుని తప్ప ఎవరూ ఒక అడుగు కూడా నడవరని ఆయన కళ్లతో చూడనివ్వు. మా నాన్నకు భయం పోయింది ఆ ఒక్కటి చూశాకే. ఆ తర్వాత నా నోట్‌బుక్‌లో పగిలినవీ పగలనివీ గీతలు పెట్టింది ఆయనే.

గాలిగోపురం పరీక్షలో ఏ కన్ను వచ్చిందో, చెంప ఎక్కడ కందుతోందో నాకు రాయి. ఎడమ కన్నైతే కోచ్‌కి డబ్బు కట్టే ముందే రాయి, ఆయన్ని ఏమేం అడగాలో ఇంకా వివరంగా చెబుతాను.